ఐదు వందల నాలుగు ముడులు

1985 జనవరి 24, గురువారం. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. గోదావరి మీది నుంచి వచ్చిన పొగమంచు తొమ్మిదిన్నర దాకా విడవలేదు. మా ఫిజియోథెరపీ గది గోడకున్న ఉష్ణమాపకం పదహారు డిగ్రీలు చూపుతున్నది. గాలి లేదు. ఇవన్నీ ఆనాటి నోటుపుస్తకంలో మొదటి వరుసలో నల్ల సిరాతో ఉన్నాయి. రెండో వరుస ఎర్ర సిరాతో ఉన్నది. నా ఉద్యోగ కాలమంతటిలో ఎర్ర సిరా వాడినది ఆ ఒక్కనాడే.

ఆ సమయానికి నస్పూర్ కాలనీ నుంచి రాజవ్వ వచ్చింది. వెనుక చేతికర్ర ఊతతో ఆమె భర్త ఓదెలు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్‌గా అతడు పందొమ్మిదేళ్లు పనిచేశాడు. ఆరు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. కాలు కొంత తిరిగి వచ్చింది, చేయి రాలేదు. పనికి తగడని అక్టోబరులో వైద్య బోర్డు తేల్చింది. మూడు రోజుల కిందట, సోమవారం నాడు, వారి కొడుకు సమ్మయ్య ఆ స్థానంలో ఉద్యోగంలో చేరాడు.

రాజవ్వ మిఠాయి పొట్లం నా బల్ల మీద పెట్టింది.

“నోరు తీపి చేసుకోర్రి సారూ. మా పోరడు నౌకరెక్కిండు.”

“సంతోషం.”

“ఇగ మా ఆయనకు షురూ చెయ్యుర్రి.”

“ఏమి షురూ చేయాలి?”

“గదే, చెయ్యి లేపుడు. రోజుకు రెండు నూర్లు.”

“తొమ్మిది వారాలు చేయించావు కదమ్మా. మొత్తం పన్నెండు వేల ఆరు వందలు. నా దగ్గర రాసి ఉన్నది.”

ఆమె భర్త వైపు చూసింది. అతడు నేల వైపు చూశాడు.

“ఒక్కటి సుత చెయ్యలే సారూ,” అన్నది రాజవ్వ.

ఆ వాక్యం మీద ఆ క్షణాన రెండు విషయాలు ఆధారపడి ఉన్నాయి. ఒకటి ఓదెలు ఎడమ చేయి. రెండోది సమ్మయ్యకు దొరికి మూడు రోజులైన ఉద్యోగం. ఒకదానిని కాపాడబోతే రెండోది పోతుందేమోనన్న భయంతోనే వారు ఆరు నెలలు గడిపారు. ఆ రెంటి మధ్య నా లెక్క ఎట్లా నిలిచిందో, ఎట్లా కూలిందో ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారి కోసం రాస్తున్నాను.

గిన్తీ

1969లో హైదరాబాదులో ఫిజియోథెరపీ చదువు ముగించాను. మాది పెద్దపల్లి వైపు భూములున్న కుటుంబం. “గీ కాళ్లు చేతులు పిసుకుడుకా నిన్ను పట్నం పంపింది?” అని మా బాపు అడిగాడు. 1971 ఫిబ్రవరి 15న గనుల ఆసుపత్రిలో చేరాను.

నా పై ఉద్యోగి పాత హైదరాబాదు మనిషి. అందరూ ఆయనను ఉస్తాద్ అనేవారు. రోగి మోకాలు వంచిన ప్రతిసారీ పైకి లెక్కపెట్టేవాడు, నన్ను కూడా లెక్కపెట్టమనేవాడు. “గిన్తీ లేకుంటే ఇలాజ్ లేదు బేటా. రోగి అబద్ధమాడుతడు, నువ్వు అబద్ధమాడుతవు, గిన్తీ ఆడదు.” లెక్క లేకుంటే వైద్యం లేదన్న ఆ మాటను పదమూడేళ్లు వేదంలా నమ్మాను. అందులో సగం నిజమున్నది. రోగి “బాగున్నది” అంటే ఏమీ తెలియదు. నిన్న ముప్పై డిగ్రీలు వంగిన మోచేయి ఈ రోజు ముప్పై అయిదు వంగిందంటే కొంత తెలుస్తుంది. కొత్తవారు కొలతను చిన్నచూపు చూడరాదు.

రోజుకు పద్దెనిమిది నుంచి ఇరవై రెండు మందిని చూసేవాణ్ని. ఎక్కువమంది గని ప్రమాదాలలో దెబ్బతిన్నవారు. పక్షవాత రోగులు తక్కువ, కాని కష్టమంతా వారితోనే. కాలు పోయినవానికి ఏమి పోయిందో తెలుసు. పక్షవాతం వచ్చినవాని చేయి కళ్ల ముందే ఉంటుంది, వెచ్చగా ఉంటుంది, గిచ్చితే కొందరికి నొప్పి కూడా తెలుస్తుంది. మాట మాత్రం వినదు.

పోశక్క చూసినది

ఓదెలుకు 1984 జులై 10, మంగళవారం, మొదటి షిఫ్టు ముగించి పైకి వచ్చి స్నానం చేస్తుండగా పక్షవాతం వచ్చింది. అప్పటికి అతని వయసు నలభై ఆరు. మూడో రోజున నేను మొదటిసారి పరీక్షించాను. కండరాల బలాన్ని మేము సున్నా నుంచి అయిదు దాకా కొలుస్తాము. సున్నా అంటే కదలిక లేదు, అయిదు అంటే మామూలు మనిషి బలం. అతని ఎడమ కాలు ఒకటి, ఎడమ చేయి సున్నా.

మాట పోలేదు, హాస్యమూ పోలేదు. వేలాడే ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి ఒడిలో పెట్టుకుని అనేవాడు:

“ఇల్లరికపు అల్లుడు సారూ. తిండి మనదే తింటడు, పక్క మనదే ఎక్కుతడు, పని మాత్రం ముట్టడు.”

వార్డులో ఉన్న ఇరవై రోజులూ ఆ చేతిని నేనే కదిలించాను. భుజం జారకుండా కింద దిండు పెట్టించాను. జులై 28, శనివారం నాడు వార్డు ఆయా పోశక్క వరండాలో నన్ను ఆపింది.

“సారూ, మొన్న ఓదెలు బొటనవేలు కదిలింది.”

“ఎన్ని గంటలకు?”

“గంట జూస్తమా సారూ, గిలాస జూస్తమా? చాయ్ గిలాస ఇటు పక్క పెట్టిన. మరిచిపోయి ఎడమ చెయ్యితోని అందుకోబోయిండు. వేలు గిట్ల అన్నది.” తన బొటనవేలిని గోరంత లోపలికి వంచి చూపింది.

“ఒకసారేనా?”

“ఒక్కపారే. మల్ల అనుమంటె అనలే.”

వెంటనే వెళ్లి పరీక్షించాను. అయిదు సార్లు ప్రయత్నించమన్నాను. అయిదు సార్లూ సున్నా. మొదటి నెలలో వేళ్లలో ఏ కొంచెం కదలిక కనిపించినా ఆశ ఎక్కువని మా గురువులు చెప్పేవారు. కాబట్టి ఆ సమాచారం విలువ నాకు తెలుసు. అయినా పోశక్క మాటను పుస్తకంలో రాయలేదు. గంట లేదు, కొలత లేదు, చూసినది నేను కాదు. ఆ రోజు వరుసలో “వేళ్లు: సున్నా” అని మాత్రమే ఉన్నది. నా మొదటి తప్పు అది.

తొమ్మిది సోమవారాలు

జులై 30, సోమవారం ఓదెలును ఇంటికి పంపారు. రాజవ్వకు నేను చెప్పిన పద్ధతి ఇది: కింద నుంచి ఆమె చేయి ఊతమివ్వాలి, “లేపు” అని చెప్పి అతడు తన మనసుతో ఎత్తడానికి ప్రయత్నించేదాకా ఆగాలి, ఆ తరువాతనే కొంచెం సాయం చేయాలి. అట్లా రోజుకు రెండు వందల సార్లు. ప్రతి సోమవారం నా దగ్గరికి రావాలి.

“లెక్క ఎట్ల పెడతవమ్మా?” అని అడిగాను.

“లెక్కకు ఫికర్ చెయ్యకుర్రి సారూ. మా అవ్వగారింట్ల బీడీలు జేసినదాన్ని. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. గట్లనే ఇరవై అయిదు పార్లకు దారానికి ఒక ముడి వేస్త.”

నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది. రోజుకు ఎనిమిది ముడులు, వారానికి యాభై ఆరు. ఆగస్టు 6న మొదటి దారం తెచ్చింది. బీడీలు కట్టే సన్నని దారం. ముడులు లెక్కపెట్టాను: యాభై ఆరు. రెండో సోమవారం యాభై ఆరు. మూడోదీ అంతే. తొమ్మిది సోమవారాలకు అయిదు వందల నాలుగు ముడులు, అంటే పన్నెండు వేల ఆరు వందల సార్లు. ఒక్క రోజు తప్పలేదు, ఒక్క ముడి తగ్గలేదు. మిగిలిన రోగుల ఇంటివారికి ఆ దారాలు చూపించి “ఇట్లా ఉండాలి” అని చెప్పేవాణ్ని.

ఆ ముడులన్నీ ఒకే దూరంలో, ఒకే బిగువులో ఉన్నాయి. బరువైన చేతిని ఇరవై అయిదు సార్లు మోసి, అలసి, మధ్యలో పొయ్యి మీది అన్నం చూసి వచ్చి వేసిన ముడులు అట్లా ఉండవు. ఒకే చోట కూర్చుని ఒకే ఊపున వేసినవి మాత్రమే అట్లా ఉంటాయి. ఆ సంగతి తొమ్మిది వారాలూ నా వేళ్ల కిందనే ఉన్నది. నేను లెక్కపెట్టాను, చూడలేదు.

ప్రతి సోమవారం నా ఎదుట పరీక్షలో చేయి సున్నాగానే ఉండేది.

“అల్లుడు ఏమంటున్నాడు?” అని అడిగేవాణ్ని.

“అలిగిండు సారూ,” అనేవాడు ఓదెలు.

బోర్డు

గనుల్లో అందరికీ తెలిసిన పద్ధతి ఒకటి ఉండేది. ఉద్యోగి పనికి తగడని బోర్డు తేల్చితే అతని మీద ఆధారపడినవారిలో ఒకరికి ఉద్యోగం దొరికేది. కొంత కోలుకున్నవానికి గని పైన తేలిక పని ఇచ్చేవారు. అప్పుడు కొడుకుకు దారి లేదు. సమ్మయ్యకు ఇరవై మూడేళ్లు. పది తప్పి, ఇటుక బట్టీలో కూలి చేస్తున్నాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసిన ఈ సంగతిని నా చేతిలోని దారంతో కలిపి ఆలోచించలేదు.

మా ఆసుపత్రి పెద్ద డాక్టరు గారు కోస్తా నుంచి వచ్చినవారు, తొందర మనిషి. బోర్డుకు అభిప్రాయం రాయమని అక్టోబరు మొదటి వారంలో నన్ను పిలిచారు.

“ఇంకొన్నాళ్లు చూద్దామా?” అని అడిగాను.

“ఎందుకండీ చూడ్డం? పన్నెండు వేల సార్లు చేయించారు. కదిలిందా?”

“లేదు.”

“మరి రాయండి. బోర్డు వాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? అందరూ కబుర్లు రాస్తారు, మీరొక్కరే అంకెలు రాస్తారు.”

ఆ మెచ్చుకోలు నాకు సంతోషం కలిగించిందని ఒప్పుకోవాలి. “క్రమం తప్పని పన్నెండు వేల ఆరు వందల పునరావృత్తుల తరువాత కూడా చేతిలో కదలిక లేదు, ఇకముందు కోలుకునే అవకాశం కనిపించడం లేదు” అని రాసి సంతకం చేశాను. అక్టోబరు 11, గురువారం నాడు బోర్డు ఓదెలును అన్‌ఫిట్ చేసింది.

కట్టు

జనవరి 24కు తిరిగి వస్తాను.

“ఎందుకు చేయలేదు?” అని రాజవ్వను అడిగాను. గొంతు పెంచానని నాకు గుర్తున్నది.

“చేస్తె వస్తదని బుగులైంది సారూ. ఇంటికి తెచ్చిన తెల్లారి, గీయన మంచంల గూసొని ఆవులిచ్చిండు. ఆవులిస్తుంటె చెయ్యి దానంతట అదే ఎదురొమ్ము దాక లేసింది. నేను ఒర్రిన. వస్తంది, చెయ్యొస్తంది అన్న. బోర్డోల్ల ముంగట గూసొని ఆవులిస్తె ఇంకేమున్నది? పోరని బతుకు ఆగమైతది గదా. తువ్వాలతోని నడుముకు కట్టిన. మీ తానకు వచ్చేటప్పుడు ఇప్పేదాన్ని.”

“దానిదేం తప్పులేదు,” అన్నాడు ఓదెలు. “కట్టుమన్నది నేనే. ముడులు ఎయ్యిమన్నది సుత నేనే. మీరు లేపుమన్నప్పుడు గట్టిగ ఊకున్న సారూ. లేపుడు కన్న ఊకునుడే కష్టమున్నది.”

“ఊరుకోకపోతే లేచేదా?”

కుడి చేత్తో ఎడమ చేతిని ఒడిలో సర్దుకున్నాడు. “ఏమో. లేపి చూడలే గదా.”

ఇక్కడ కొత్తవారు ఒక విషయం తెలుసుకోవాలి. పక్షవాతం వచ్చిన చేయి ఆవులింత సమయంలో తనంత తానే లేవడం చాలామందిలో కనిపిస్తుంది. అది మనిషి ఇష్టంతో వచ్చే కదలిక కాదు. దానిని బట్టి చేయి తిరిగి వస్తుందనీ చెప్పలేము, రాదనీ చెప్పలేము. ఇంటికి పంపేనాడు ఈ ఒక్క ముక్క రాజవ్వకు చెప్పి ఉంటే ఆమె జడుసుకుని ఉండేది కాదు. రెండు వందల సంఖ్య చెప్పడానికి తీసుకున్న శ్రద్ధ దీనికి తీసుకోలేదు. నా రెండో తప్పు ఇది.

కాబట్టి వారు దాచినది ఏమిటో కూడా నాకు తెలియదు. రాబోతున్న చేతిని కట్టి ఉంచారో, ఎన్నటికీ రాని చేతిని కట్టి ఉంచారో. తెలిసినది ఇంతే: జులై 31 నుంచి జనవరి 24 దాకా నూట డెబ్భై ఎనిమిది రోజులు ఆ చేయి కట్టులో ఉన్నది.

మధ్యాహ్నం పెద్ద డాక్టరు గారికి జరిగినదంతా చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేశారు.

“ఇప్పుడా కాగితం దిద్దితే ఎవరికి లాభమండీ? ఆ చేతికా?”

“అబద్ధపు అంకె మీద నా సంతకం ఉంది.”

“అంకె అబద్ధం. చెయ్యి ఆ రోజు లేవలేదన్నది నిజమేగా? ఆ కుర్రాడిని దింపేసి వచ్చి ఈ ముసలాడి చెయ్యి మీరు లేపగలరా? లేపగలనని రాసివ్వండి, ఫైలు తెరుస్తాను.”

రాసి ఇవ్వలేకపోయాను. ఫైలు తెరవలేదు. నా సొంత పుస్తకంలో మాత్రం పన్నెండు వేల ఆరు వందలను కొట్టేసి, ఎర్ర సిరాతో సున్నా వేశాను. అధికార పత్రంలోని తప్పును తెలిసి వదిలివేయడం సరైనదో కాదో ఈనాటికీ తేల్చుకోలేదు. ఆయన వాదం బలమైనదని ఒప్పుకుంటాను. బలమైన వాదం, సరైన పని ఒకటే కాదని కూడా తెలుసు.

ఒంటి గంట నుంచి రెండు దాకా

మరునాటి నుంచి ఓదెలు మధ్యాహ్న భోజన విరామంలో వచ్చేవాడు. తలుపు వేసి చేయించేవాణ్ని. అన్‌ఫిట్ అయినవాడు ఆసుపత్రిలో కసరత్తు చేస్తున్నాడంటే కాలనీలో మాట పుడుతుంది. ఆదివారాలు, సెలవులు, అతడు రాలేని రోజులు తప్ప ప్రతిరోజూ రెండు వందలు. ఊతం నా చేయి, లెక్క నా నోరు.

మొదటి రోజునే తేడా తెలిసింది. మోచేయి బిగుసుకుపోయింది, సాచితే నొప్పికి పళ్లు కొరికేవాడు. భుజం కీలు రెండు వేళ్ల మందం కిందికి జారి ఉన్నది. జులైలో నేను పట్టుకున్న మెత్తని చేయి కాదది.

రెండో వారంలో సమ్మయ్య వచ్చాడు. మొదటి షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్లున్నాడు, కనుబొమ్మల మీద బొగ్గు ఉన్నది. తండ్రి వెళ్లేదాకా బయట నిలబడి అప్పుడు లోపలికి వచ్చాడు.

“సారూ, ఒక్క మాట. బాపు చెయ్యొస్తె నా నౌకరికి ఏమన్న పరేషాన్ ఉంటదా?”

“నాకు తెలియదు.”

“చెయ్యి వస్తదా మరి?”

“అది కూడా తెలియదు.”

“గన్ని లెక్కలు రాస్తరు, ఏదడిగినా తెల్వదంటరేంది సారూ?”

అతడు వాకిలి దాకా పోయి తిరిగాడు.

“రానియ్యుర్రి సారూ. నౌకరి సంగతి నేను జూస్కుంట.”

ఏప్రిల్ 13, శనివారం నాటికి అరవై మూడు రోజుల పని అయింది. నా ఎదుట, నా చేతిలో, సరిగ్గా పన్నెండు వేల ఆరు వందలు. ఆ మధ్యాహ్నం పరీక్షించాను. భుజం రెండు, మోచేయి ఒకటి, మణికట్టు సున్నా, వేళ్లు సున్నా. అబద్ధపు పన్నెండు వేల ఆరు వందల తరువాత రాసినదానికి, నిజమైన వాటి తరువాత రాసినదానికి వేళ్ల దగ్గర తేడా ఏమీ లేదు.

“ఎంతొచ్చింది సారూ?” అని అడిగాడు ఓదెలు.

చెప్పాను.

“అయితె రాజవ్వ ముడులు అబద్ధం కాదన్నట్టే గదా,” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అయిదుగురు

ఇంకొక లెక్క మిగిలి ఉన్నది. అక్టోబరు 11కు, జనవరి 24కు మధ్య నేను మరి అయిదుగురు పక్షవాత రోగులకు తొమ్మిది వారాల తరువాత చేతి కసరత్తు మానేయమని చెప్పాను. “ఒకాయన పన్నెండు వేల ఆరు వందల సార్లు చేసినా రాలేదు, ఇక శ్రమ ఎందుకు?” అన్నది నేను వాడిన మాట. ఆ అయిదుగురినీ వెదకడానికి ఆదివారాలు వాడుకున్నాను.

ఫిబ్రవరి 24న బోథ్ దగ్గరి పల్లెకు పోయాను. గంగూబాయి మా గని కార్మికుడొకని తల్లి, అరవై ఒక ఏళ్లు, కుడి చేయి. నేను మానేయమన్న తరువాత ఆమె వ్యవసాయం చేసే పెద్ద కొడుకు దగ్గరికి వెళ్లింది. చేనులో చివరి పత్తి ఏరుతున్నారు. ఆమె నడుముకు ఒడి కట్టుకుని రెండు చేతులతో ఏరుతున్నది.

“నువ్వే గదా రాదన్నది?”

“నేనేనమ్మా.”

“నువ్వు అన్నవు, నేను ఇన్న. మా కోడలు ఇనలే. ఊకెందుకు గూసుంటవ్, పట్టినన్ని పట్టు అన్నది.”

పెద్ద కొడుకు పక్కనుంచి అందుకున్నాడు. అక్కడ తల్లిని ఆయి అంటారు. “ముందు ముందు ఒక్క పత్తి బోండ పట్టేటందుకు ఆయికి గంట పట్టేది సార్. కింద పడేది, తిట్టేది, మల్ల పట్టేది.”

“రోజుకు ఎన్ని పట్టేది?”

“పత్తికాయలకు లెక్కెవలు పెడతరు?” అన్నది గంగూబాయి. “ఒడి నిండితె నిండినట్టు.”

పత్తి ఆమె చేతిని బాగుచేసిందని నేను రాయలేదు. నేను పంపించేనాటికే ఆమె వేళ్లలో రెండు బలం ఉన్నది. ఏమీ చేయకున్నా కొంత వచ్చి ఉండేదేమో. నేను రాసినది ఇది: మానేయమని చెప్పడం తప్పు.

మార్చి 17న జైనూర్ దగ్గరి గూడేనికి పోయాను. జంగుకు నలభై నాలుగేళ్లు. అతడు నన్ను గుర్తుపట్టి, కూర్చోమని మంచం వాల్చాడు. ఎడమ పిడికిలి మూసుకుపోయి ఉన్నది. వేళ్లు విప్పబోతే వాసన వచ్చింది. గోళ్లు అరచేతిలోకి దిగి పుండు పడింది. వేడినీళ్లతో నానబెట్టి, ఒక్కొక్క వేలు విప్పి, గోళ్లు కత్తిరించి, లోపల గుడ్డ చుట్ట పెట్టడానికి నలభై నిమిషాలు పట్టింది.

“ఎందుకు ఇట్లా వదిలేశావు?” అన్నాను.

“నువ్వు ఆపుమంటివి. ఆపిన,” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు.

మిగిలిన ముగ్గురిలో ఒకరు నేను వెళ్లేసరికి మరణించారు. ఇద్దరి చేతులు నేను వదిలినట్లే ఉన్నాయి. రాజవ్వ అబద్ధం తన ఇంట్లోని ఒక చేతికి సంబంధించినది. దానిని అయిదు ఇళ్లకు మోసుకుపోయినవాణ్ని నేను.

తెలియనివి

చాలా ఏళ్ల తరువాత, తొంభైల మొదట్లో, హైదరాబాదులో మా వృత్తివారికి జరిగిన ఒక శిక్షణలో న్యూరోప్లాస్టిసిటీ అన్న మాట మొదటిసారి విన్నాను. మెదడులో దెబ్బతిన్న భాగం చేసే పనిని మిగిలిన భాగాలు కొంతవరకు నేర్చుకోగలవని, మళ్లీ మళ్లీ చేయడం వల్లనే ఆ నేర్పు వస్తుందని యువ అధ్యాపకుడు చెప్పాడు. శ్రద్ధగా చెప్పాడు. విరామంలో ఆయనను కలిసి, మళ్లీ మళ్లీ అంటే ఎన్నిసార్లు అని అడిగాను. ఎక్కువ చేస్తే మంచిది అన్నాడు. కింద నా చేయి ఊతమిచ్చి లేపిన దానిని రోగి చేసినట్లు లెక్కించాలా అన్నాను. రోగి ప్రయత్నం ఉండాలి అన్నాడు. ఆ ప్రయత్నాన్ని బయటి నుంచి ఎట్లా కొలవాలి అన్నాను. ఆయన చాయ్ కప్పు కింద పెట్టాడు.

అప్పుడు నేను అసలు అడగదలచుకున్నది అడిగాను. చేయగా చేయగా మెదడు కదలికను నేర్చుకునేటట్లయితే, ఒక మనిషి నూట డెబ్భై ఎనిమిది రోజులు పట్టుదలతో కదలకుండా ఉంటే, మెదడు కదలకపోవడాన్ని కూడా అంతే బాగా నేర్చుకుంటుందా? నేర్చుకున్న దానిని ఆ తరువాత ఎన్నిసార్లు చేస్తే మరిపించవచ్చు? ఏ తేదీ దాటితే మరిపించలేము?

“మంచి ప్రశ్నలండీ,” అన్నాడు. “నాకు తెలియదు. నాకు తెలిసినవారికి కూడా తెలియదు.”

ఆ శిక్షణలో నేను పూర్తిగా నమ్మిన వాక్యం అదే. మీకు ఎవరైనా ఖచ్చితమైన సంఖ్య చెప్పి ఇన్నిసార్లు చేస్తే చేయి వస్తుందన్నా, ఇన్ని వారాలు దాటితే రాదన్నా, ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. నా సంఖ్య బీడీల దారం నుంచి వచ్చింది.

తుది లెక్క

1985 నవంబరులో ఓదెలు మణికట్టు మొదటిసారి పైకి లేచింది. కీళ్ల వంపు కొలిచే గోనియోమీటర్‌తో మూడుసార్లు కొలిచాను: పది డిగ్రీలు. అంతకు మించి ఎప్పుడూ పెరగలేదు.

1986 జూన్ 14, శనివారం. మధ్యాహ్నం ఒంటి గంట అయిదు నిమిషాలు. ముప్పై నాలుగు డిగ్రీలు. ఉదయం తొలకరి పడి ఆగింది. నూట నలభై దగ్గర ఓదెలు ఆగాడు.

“చాలు సారూ ఇయ్యాల. అల్లునికి సెలవియ్యుర్రి.”

“ఇంకా అరవై ఉన్నాయి.”

“రేపు ఐతారం. సోమారం కలిపి చేస్త తీయుర్రి.”

సోమవారం రాలేదు. జూన్ 19, గురువారం నాడు రెండోసారి పక్షవాతం వచ్చి ఇంట్లోనే మరణించాడు.

నెల దాటాక రాజవ్వ వచ్చింది. కొంగు ముడి విప్పి చిన్న దారపు ఉండ నా బల్ల మీద పెట్టింది.

“ఐతారం ఐతారం ఇంట్ల చేసినయి సారూ. మీరు అడగలే. నేను ఏసిన.”

దారాన్ని బల్ల పొడవునా సాచాను. కొన్ని ముడులు దగ్గర దగ్గరగా, కొన్ని జానెడు దూరంలో ఉన్నాయి. కొన్ని బిగువు, కొన్ని వదులు. రెండు చోట్ల దారం తెగితే అతికించి ఉన్నది. ఒక చోట పసుపు మరక. డెబ్భై రెండు ఆదివారాలకు మూడు వందల తొంభై ఒక్క ముడులు. అవి నేను చూసినవి కావు. గంట లేదు, సాక్షి లేడు. అయినా పుస్తకం తెరిచి కలిపాను.

నా ఎదుట మూడు వందల ఎనభై ఆరు రోజులలో చేసినవి 77,140. రాజవ్వ దారం మీద 9,775. మొత్తం 86,915.

మణికట్టు పది డిగ్రీలు. నాలుగు వేళ్లు సున్నా. బొటనవేలు నా ఎదుట సున్నా. ఆ వరుస కింద, రెండేళ్లు ఆలస్యంగా, ఇంకొకటి రాశాను: బొటనవేలు, పోశక్క చూసినది, 1984 జులై 28కి ముందు, తేదీ, గంట తెలియవు, చాయ్ గిలాస అందుకోబోతూ, గోరంత, ఒకటి.